రాజయ్య మామ ఈతచెట్టు

మా బాబాయి నన్ను అనని మాట లేదు. దయ్యాలకు భయపడతానని మాత్రం ఆయన కూడా అనలేదు. నేను వాటిని ఏనాడూ నమ్మలేదు.

సిరిసిల్లలో మగ్గాలు ఆగిన రోజుల్లో నాన్న మగ్గాల పని కోసం మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. ఆ రెండేళ్లూ వారం వారం బస్సులో బియ్యం మూట తెచ్చి అమ్మను, నన్ను బతికించింది నాన్న దోస్తు రాజయ్య మామ. కథలాపూర్ దగ్గరి ఊళ్లో కల్లు గీసేవాడు. తర్వాత ఆయనే గల్ఫ్ వెళ్లాడు. కొన్నాళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు.

నిరుడు వంశవృక్షం రాస్తూ నాన్న పక్కన ఆయన పేరు కూడా చేర్చాను. బాబాయి అందరి ముందు కాగితం విసిరేశాడు.

"కల్లు గీసెటోడు మన వంశంల ఎట్ల పుట్టిండురా? రేపు కిరాణం సేటును గూడ రాస్తవా?"

ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

అందరికీ రాసినట్టే మామకూ పుట్టుక, మరణం తేదీలు రాయాలని పట్టుబట్టాను. కోరుట్లలో, ఆయన్ను గల్ఫ్ పంపిన ఏజెంటు కొడుకు గంటసేపు నిలబెట్టి, కాగితాలు లేవన్నాడు. కుర్చీ కూడా వేయలేదు. చివరికి మామ ఊరే వెళ్లాను.

ఆయన చెల్లెలు గంగవ్వ ఒక్కతే ఉంది. చనిపోయాడని రాయనా అని అడిగాను.

"నువ్వు రాస్తే సచ్చిపోతడా కొడుకా? ఆయన చెట్టు ఆయనకే ఉన్నది. పో, సూడు."

అక్కడ గీసేవాళ్లు చెట్లు పంచుకుంటారు. మామ వంతులోని ఒక ఈతచెట్టును ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. పొద్దున తొమ్మిదింటికి, గీసే సత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. చెట్టు తలలో, లేత మొవ్వు కింద గీసేచోట తడి మెరుస్తోంది. సత్తయ్య నడుముకు మోకుతాడు వేసుకుని ఎక్కి, వెంటనే దిగాడు.

"ఎవలో పొద్దుగాల్నే గీసిండ్రు సార్. ఎడమచేతి గీత. గీ ఊళ్లె రాజయ్యన్న ఒక్కడే గట్ల గీసెటోడు. ఇన్నేండ్లు ఇడిసిన చెట్టు ఒక్క గీతకే కల్లు పారదు సార్!"

నేను నిచ్చెన తెప్పించి ఎక్కాను. పాత గీతలన్నీ నల్లబడ్డాయి. పైన ఒక్కటే తెల్లగా, వాటి వాలులోనే ఉంది. కల్లు కారుతోంది. గీసేవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి విచారించాను. ఎడమచేతివాడు ఒక్కడూ లేడు.

గంగవ్వ ఆశ్చర్యపోలేదు. నన్నే తిట్టింది.

"లొట్టి కట్టకుంట అచ్చినవా? అన్న గీసింది నేలపాలు గాలేదా?"

సాయంత్రం ఆమె కల్లు కుండ కట్టించింది. తెల్లారి చూస్తే ఖాళీ. మళ్లీ ఆ చెట్టు పారలేదు.

ఆ ఒక్క పూట ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. గంగవ్వ ఆ కుండ విప్పనివ్వడం లేదు. నేను మామ పేరు కింద మరణం రాయలేదు.