అరచేతులు రుద్దుకునే నర్సమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక నర్సమ్మ సంగతి చెబుతాను. ముంచింగిపుట్టు దగ్గర మా ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, పట్నం డాక్టరు అందులో కనబడి ఎక్కడ నొక్కమంటే ఆవిడ రోగి ఒంటి మీద అక్కడ నొక్కి చూసేది. మా కొండల చలిలో ముందుగా అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది.

మా కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చి తీసుకెళ్లాం. నర్సమ్మ కడుపు మీద చెయ్యి వేసిందో లేదో, తెర మీద డాక్టరు బొమ్మ బిగుసుకుపోయింది, మాటా ఆగిపోయింది.

"జీపులో ఏసుకుని కింద పెద్దాసుపత్రికి ఎల్లిపోదామా సిస్టరమ్మా?" అన్నాను.

"డాట్రుగారు సెప్పకుండా ఆ ఘాట్ రోడ్డు కుదుపుల్లో ఏటైనా అయితేనో? ఉండమ్మా, బిడ్డ కదుల్తంది. బొమ్మ బేగొచ్చేత్తాది."

సాయంత్రానికి డాక్టరు బొమ్మ తిరిగొచ్చింది. "చెప్పండి సిస్టర్, బిడ్డ కదులుతోందా?" అన్నాడాయన.

నర్సమ్మ కడుపంతా తడిమింది. మళ్లీ తడిమింది. అరచేతులు రుద్దుకుని ఇంకోసారి తడిమింది; బిడ్డ కదల్లేదు.

మీ ఇంట ఉయ్యాలలు ఊగుతూనే ఉండాలి నాయనా.