బుజ్జి మోకాళ్లకు కొబ్బరినూనె

మొన్న మా మనవడి బొమ్మకుక్క తోక ఆడించడం మానేసింది. నేను కళ్లజోడు వెతుక్కుని, స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టానా అని సొరుగులన్నీ గాలించేలోగా మా అల్లుడు ఫోన్లో కొత్తది తెప్పించేశాడు. పాతదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఇంట్లో అందరూ నవ్వుకున్నారు గానీ, నా మనసు అప్పటికే అబుదాబి పక్కనున్న ముసఫ్ఫా చేరుకుంది. గల్ఫ్‌లో బతికొచ్చిన నా ఈడువాళ్లయితే నవ్వరనుకుంటాను.

రెండువేల మూడు నాటి మాట. నేను ముసఫ్ఫాలో జనరేటర్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్‌ని, మా ఆవిడ అబుదాబిలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆవిడతో పనిచేసే డాక్టరమ్మ దేశం వదిలి వెళ్తూ, తన పిల్లలు ఆడుకుని వదిలేసిన జపాన్ మరకుక్కను ఆరేళ్ల మా అమ్మాయికి ఇచ్చింది. పిలిస్తే తల తిప్పేది, నాలుగడుగులు వేసి తోక ఊపేది. అమ్మాయి దానికి బుజ్జి అని పేరు పెట్టి పక్కలో పడుకోబెట్టుకునేది. ఏడాది తిరక్కుండానే, మా ఇద్దరి డ్యూటీల మధ్య పిల్లను చూసుకునే దిక్కులేక, కాకినాడలో అమ్మమ్మ దగ్గరకు పంపేశాం. బుజ్జి మాత్రం, ప్రయాణంలో విరిగిపోతుందని, మా దగ్గరే ఉండిపోయింది.

అక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చి నుంచి రాగానే ఫోన్ కార్డు గీకి నంబరు కలిపితే, అవతల నుంచి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"నాన్నా, బుజ్జి నడుస్తుందా? నేనొచ్చేదాకా పాడవనివ్వకు."

తిన్నావా అంటే తిన్నాను, చదివావా అంటే చదివాను అని ముక్తసరిగా చెప్పే పిల్ల, బుజ్జి గురించైతే కార్డు అయిపోయేదాకా మాట్లాడేది. అది కాస్తా ఆగిపోతే పిల్లకు మాతో చెప్పుకోవడానికి ఇక మాటలేవీ మిగలవేమోనని నాకు లోలోపల భయంగా ఉండేది. అందుకే బ్యాటరీ చచ్చిపోతే కొత్త సెల్స్ కొనుక్కొచ్చి అతికించాను, ఇసుకగాలి వీచినప్పుడల్లా కీళ్లు విప్పి బ్రష్‌తో దులిపాను. వర్క్‌షాపులో మా ఫోర్‌మాన్ నన్ను చూడగానే "యల్లా, కుత్తే కా డాక్టర్ ఆ గయా!" అని, కుక్కల డాక్టరొచ్చాడంటూ ఏడిపించేవాడు.

మూడేళ్లకు అమ్మాయి వేసవి సెలవులకు మా దగ్గరకు వస్తుందనగా బుజ్జి కుంటడం మొదలుపెట్టింది. విచిత్రమేమిటంటే, ఏసీ ఆపితే బాగానే నడిచేది, ఏసీ వేస్తే కొయ్యబారిపోయేది. బ్యాటరీ మార్చినా అంతే. చివరికి మోకాలు విప్పి చూద్దును కదా, పళ్లచక్రాల మధ్య తెల్లగా గడ్డకట్టిన కొబ్బరినూనె! ఎవరి పనో అడగక్కర్లేదు. మా ఆవిడ మీద కేకలు వేయబోయాను.

"ఏం చెయ్యమంటారండీ, సెలవురోజున పిల్ల తలకి నూనె రాసిన చేతులు. శుక్రవారం వచ్చేసరికి ఊరుకోవు" అంది.

స్పిరిట్‌తో కడిగి, మిషన్ నూనె వేసి, ఆవిడ చేతికి ఒక మెత్తని గుడ్డ ఇచ్చి పైపైన తుడవమన్నాను. అమ్మాయి వచ్చేదాకా తుడుస్తూనే ఉంది.

వచ్చిన రోజున, గుమ్మంలో నిలబడిన పిల్లను చూస్తే గుర్తుపట్టలేనంత ఎదిగిపోయింది. తను బుజ్జీ అని పిలవగానే కుక్క చక్కగా నడిచి పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. మేమిద్దరం పిల్ల ముఖంలోకే చూస్తున్నాం. అమ్మాయి వంగి కుక్కను ఎత్తుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూనే అంది.

"దీన్నైతే మీ దగ్గరే ఉంచుకున్నారు కదా నాన్నా."

నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. మా ఆవిడ టీ పెట్టే నెపంతో వంటగదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. గల్ఫ్‌లో ఉన్న తల్లులు పిల్లలు అన్నం తింటుంటే ఫోన్లో చూస్తూ, బుగ్గకంటిన మెతుకు తుడుచుకోమని చెబుతున్నారు. మాకా భాగ్యం లేదు. మా పిల్లకు పాలపళ్లు ఎప్పుడు ఊడాయో, కొత్తవి ఎప్పుడు వచ్చాయో మాకు తెలియదు. ఫోన్లో దాని మాట కాస్త జారినట్టు వినిపిస్తే, ముందుపన్ను ఊడిందేమోనని ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం.