మెడలో విజిల్

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగే బస్సులో కండక్టర్ విజిల్ ఊదితే మా స్కానింగ్ సెంటర్ లోపలికి కూడా వినబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ట్రాఫిక్‌ను తిట్టుకుంటారు. నేను మాత్రం నవ్వుకుంటాను. ఆ చప్పుడు వింటే మా ఎస్తేర్ మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్‌ది మెదక్. ఎమ్మారై స్కాన్ చిత్రాలు చదవడం నాకు నేర్పింది ఆవిడే. రిపోర్టు రాసే ముందు బయట హాల్లోకి వెళ్లి, పేషెంట్ పక్కన బెంచీ మీద కూర్చుని, ఊరూ పేరూ అడుగుతూ కబుర్లలో పడేవారు. లోపల పని పేరుకుపోతుంటే నేను పళ్లు నూరుకునేదాన్ని. ఈ కబుర్లెందుకని ఒకసారి అడిగేశాను కూడా. "తల లోపల ఏమున్నదో మెషీన్ చూపిస్తది. మనిషి ఎట్ల కూసున్నదో నువ్వు చూడాలె" అన్నారు.

అలాంటి రోజుల్లోనే యాదమ్మ వచ్చింది. సిటీ బస్సులో కండక్టర్. ముఖం రెండు వైపులా జారిపోయింది, మాట ముద్దగా వస్తోంది, చూపు మసకబారుతోంది. మెదడు పొరల వాపని ఎక్కడో టీబీ మందులు మొదలుపెట్టారు. మన దగ్గర మెదడు పొరలు వాచాయంటే ముందు టీబీనే అనుకుంటాం, చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ నెలలు గడిచినా ఆమెకు గుణం కనిపించలేదు. చూపు పోతే ఉద్యోగం పోతుంది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది.

స్కాన్ గదిలోకి లోహం రాకూడదు. కమ్మలూ మెట్టెలూ తీసిచ్చింది గానీ, మెడలోని విజిల్ దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. "పెదాలు మూసుకుంటలేవు మేడమ్, ఊదనీకి వస్తలేదు. అయినా మెడల ఉంటే జర ధైర్యం" అంది. దాన్ని నా కోటు జేబులో భద్రంగా దాచాను.

నరంలోకి మందు ఎక్కించి తీసిన చిత్రాల్లో మెదడు అడుగు పొరలు తెల్లగా మెరిశాయి. నేనూ టీబీ అనే అన్నాను. ఈలోగా హాల్లోంచి మేడమ్ వచ్చారు. యాదమ్మ బాటిల్ మీద బాటిల్ నీళ్లు తాగుతోందట, నిద్రలోంచి లేచి కూడా తాగుతుందట. పిట్యూటరీ గ్రంథి దగ్గర చూడమన్నారు. పెద్దది చేసి చూస్తే, ఒంట్లో నీటిని అదుపులో ఉంచే ఆ గ్రంథి తాలూకు కాడ లావెక్కి ఉంది. ముఖానికి వెళ్లే నరాలు రెండూ మెరుస్తున్నాయి. వెంటనే ఛాతీ స్కాన్ కూడా తీయించారు. అక్కడ రెండు వైపులా లింఫ్ గ్రంథులు సమానంగా ఉబ్బి ఉన్నాయి; టీబీలో అయితే ఎక్కువగా ఒక వైపే ఉబ్బుతాయి.

"న్యూరోసార్కాయిడోసిస్" అన్నారు మేడమ్. ఒంటి రక్షణ వ్యవస్థే దారి తప్పి చిన్న చిన్న బుడిపెలు కట్టే జబ్బు అది. మెదడుకు పాకడం అరుదు. కానీ చిత్రం ఒక్కటే చూసి ఖాయం చేయలేం. మేడమ్ యాదమ్మ డాక్టర్‌కు తానే ఫోన్ చేశారు. ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఛాతీ గ్రంథి నుంచి ముక్క తీసి చూడున్రి సార్. టీబీ అని తేలితే నేనే వచ్చి మాఫీ అడుగుత" అన్నారు మేడమ్.

మాఫీ అడిగే పని పడలేదు. ముక్కలో టీబీ క్రిమి లేదు, మేడమ్ చెప్పిన బుడిపెలే ఉన్నాయి. టీబీ మందులు ఆపి స్టెరాయిడ్లు మొదలుపెట్టారు.

కొన్ని నెలలకు యాదమ్మ మళ్లీ స్కాన్‌కు వచ్చి, తనంతట తానే విజిల్ తీసి నా చేతిలో పెట్టింది. ఈసారి చిత్రాల్లో ఆ తెలుపు లేదు, కాడ సన్నబడింది. నాకు కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. హాల్లోకి పరుగెత్తి విజిల్ ఆమె చేతిలో పెట్టాను.

"ఊదు బిడ్డా" అన్నారు బెంచీ మీదున్న మేడమ్.

యాదమ్మ గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డు వైపు ఒకసారి చూసి, పెదాలు బిగించి ఊదింది. హాలంతా అదిరింది. సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు. మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వారు.

మేడమ్ రిటైరై ఇప్పుడు మెదక్‌లో ఉంటున్నారు. ఈ ఉదయం నా ముందున్న కొత్త పేషెంట్ చీటీలో టీబీ అని రాసి ఉంది. చిత్రాలూ అలాగే ఉన్నాయి. కిందెక్కడో బస్సు విజిల్ మోగింది. నేను లేచి హాల్లోకి నడిచాను. వెనక నా జూనియర్ పళ్లు నూరుతున్నాడు. నూరనీ.