మధ్యలో మజిలీ

జిరాక్సు షాపు నడిపే ఆమె చేతుల మీదుగా రోజుకి పది పాస్‌పోర్టులైనా పోతుంటాయి. ప్రతిదాన్నీ ఓసారి తిరగేసి, లోపలి ముద్రలు చూసి, "అక్కడ మంచు పడుతుందాండీ?" అని అడగందే ఆమెకు తోచదు. మంచు చూడాలన్నది ఆమెదీ, అత్తగారిదీ ఉమ్మడి కోరిక. రెండేళ్ళుగా పొద్దున్నే మిషను వేడెక్కేలోపు ఫోనులో విమానం రేట్లు చూస్తుంది. "ఇవాళా ఆకాశంలోనే ఉన్నాయి" అనుకుంటూ పనిలో పడుతుంది.

మొన్న మంగళవారం షాపు నిండా జనం ఉండగా ఫోను చూసి ఆమె కెవ్వుమంది. రేటు సగానికి పడిపోయింది. రెండే సీట్లున్నాయి. "రెండు నిమిషాలు ఆగండి బాబూ, మీకు పుణ్యముంటుంది!" అంటూ మిషను ఆపేసింది. వరుసలో ముందున్న ప్లీడరు గుమస్తా కళ్ళద్దాలు సవరించుకుని ఫోనులోకి తొంగిచూశాడు.

"తొందరపడకమ్మా. మధ్యలో విమానం మారాలి. పదకొండు గంటలు పడిగాపులు."

అత్తగారి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చి ఆమె మొహం వాడిపోయింది. వెంటనే ఇంటికి ఫోను కలిపింది. "అత్తయ్యా, టికెట్లు దొరికాయి గానీ, దారిలో ఇంకో దేశంలో పదకొండు గంటలు ఆగాలట. మీ మోకాళ్ళతో..."

"ఒక టికెట్టుకి రెండు దేశాలా!" అత్తగారి కేక షాపంతా వినబడింది. "నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా. ముందు నువ్వు కొనవే!"

అందరూ గొల్లున నవ్వారు. టికెట్లు ఖాయమయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు. ఆ సంబరంలో గుమస్తా రెండు కాపీలు అడిగితే ఆమె ఇరవై తీసి చేతిలో పెట్టింది. ఆయన అన్నీ సంచీలో సర్దుకున్నాడు.