ఉప్పు వేలిముద్ర

నా ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఎవరైనా వేలు పెడితే నాకు ఒళ్లు మండిపోతుంది. విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో అందరూ అందుకే నన్ను ఏడిపించేవారు. అలాంటిది, సెలవులకి కోటబొమ్మాళిలో రైలు దిగి మా తీరపు ఊరికి వచ్చానో లేదో, మా బాబాయి గాలివాన మ్యాపు చూపించమన్నాడు. వల సర్దిన ఉప్పు చేత్తోనే సముద్రం మధ్యలో గట్టిగా నొక్కేసి, "ఇదిగో, ఈడికే ఎల్తన్నాం" అన్నాడు. పడవెక్కి వెళ్లిపోయాడు.

నేను విసుక్కుంటూ గుడ్డ తీశాను. పిన్ని నా చెయ్యి పట్టేసుకుంది.

"ఒసే, ఏటి సేస్తన్నావు? యాటకెల్లినోలు ఒడ్డెక్కేదాకా ఇల్లే తుడవం, మీ బాబాయి ముద్ర తుడిసేస్తావా?"

పడవ రాలేదు. తోటి పడవలన్నీ వచ్చాయి. వెతకడానికి వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పిన్ని మాత్రం రోజూ వచ్చి స్క్రీన్ ముందు కూర్చునేది. మధ్యాహ్నం ముద్ర తెల్లగా ఆరిపోయేది. సాయంత్రం సముద్రపు గాలి తిరగ్గానే చెమ్మగిల్లేది. "ఇంకా నీల్లలోనే ఉన్నాడు" అనేది పిన్ని. ఉప్పు చెమ్మ పీల్చుకుంటుందని నాకు తెలుసు. తెలిసినా భయమేసేది.

చివరికి పెద్దలొచ్చి, ఇక లాభం లేదు, రేపు కర్మ చేసి పిన్ని గాజులు తీయిస్తామన్నారు. ఆ సాయంత్రం తనే నన్ను అడిగింది.

"గీత పడకుండా ఎలాగ తుడవాలో సెప్పు. నానే తుడుస్తాను."

చెప్పాను. ఆపేసి, వైరు పీకేసి, వేడి తగ్గనివ్వాలి. స్క్రీన్ మీద నీళ్లు చల్లకూడదు. మెత్తటి నూలుగుడ్డకే కాస్త తడి చేసి, బాగా పిండి, నొక్కకుండా తుడవాలి. వెంటనే పొడిగుడ్డ. పిన్ని పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. ముద్ర పోయింది. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా మరక లేదు. మూసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

తెల్లారాక పిన్ని ఆ మ్యాపు ఇంకొక్కసారి చూస్తానంది. తీసి పెట్టాను. ముద్ర ఉంది! తడిగా ఉంది. పాత చోట కాదు, తీరానికి బాగా దగ్గరగా, సరిగ్గా మా ఊరికి ఎదురుగా.

"వచ్చీస్తన్నాడే" అంది పిన్ని, వినపడీ వినపడకుండా.

తుడిచినప్పుడు ఉప్పు పక్కకి జరిగి ఉంటుందని చెప్పబోయాను. అంతలో గుమ్మంలోంచి పెద్దలు పిలిచారు. పిన్ని గాజుల చేతులు రెండూ కొంగులో దాచుకుని నావంక చూసింది.

నేనే బయటికెళ్లి, "ఇయ్యాల ఒద్దు, ఎల్లిపోండి" అన్నాను.