పడిపోని పులి

నా చిన్నప్పుడు నేనొకసారి పులి వేషం కట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అప్పట్లో మేం ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో అద్దెకుండేవాళ్ళం. అమ్మా నాన్నా ఉద్యోగాలకు వెళితే నన్ను చూసుకునేది మా పెద్దమ్మ. రాజమండ్రి నుంచి వచ్చి మాతోనే ఉంటూ, ఇంట్లో బట్టలు కుట్టేది.

ఆ ఏడాది మా బడిలో, పిల్లలు పాత చిత్రాల్లోని మనుషుల్లా వేదిక మీద కదలకుండా నిలబడే కార్యక్రమం పెట్టారు. మా తరగతికి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన పులివేట. గుర్రం మీద ఈటె ఎత్తిన దొర, వెనక తలపాగాల నౌకర్లు, ముందు పళ్ళు బయటపెట్టిన పులి. ఆ చిత్రకారుడు ఇండియాకు ఎప్పుడూ వెళ్ళలేదనీ, లండన్‌లో బోనులో ఉన్న పులిని చూసి గీశాడనీ టీచరే చెప్పింది. ఇండియా అమ్మాయిని కాబట్టి పులి సంగతి నాకే బాగా తెలుస్తుందని ఆ వేషం నాకిచ్చింది. నేను పులిని చూసింది ఆక్లాండ్ జూలోనే.

చివర్లో డ్రమ్ము మోగగానే నేను పడి చచ్చిపోవాలి. అప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. రిహార్సల్‌లో నేను పడ్డప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్ళు. దొర వేషం వేసిన అబ్బాయి ఒకరోజు నా వీపు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. అది కూడా బాగుందంది టీచర్.

ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పాను. చారలు చూసి కుట్టాలని ఆ చిత్రం నకలు తెప్పించుకుని, వంటగది బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి పులి కాళ్ళ మీద వేలు పెట్టింది.

“ఇది పడిందా?”

“లేదు పెద్దమ్మా. బట్, నెక్స్ట్ చచ్చిపోతుంది కదా.”

“నెక్స్ట్ ఏమైందో ఆయన గీయలేదుగా. గీసినాయనే చంపనిదాన్ని మీ టీచరెందుకు చంపాలే?”

మర్నాడు ఇదే మాట టీచర్‌ని అడిగాను. కథకు ముగింపు ఉండాలి కదా అని నవ్వేసింది. పెద్దమ్మ మాత్రం ఎంతసేపైనా నాలుగు కాళ్ళ మీద ఉండగలిగేలా, వేషానికి మోకాళ్ళ దగ్గర గుడ్డ మందంగా మడిచి కుట్టింది.

ఆ రోజు డ్రమ్ము మోగింది. నేను పడలేదు. పడమని దొర పళ్ళ బిగువున గొణిగాడు. మళ్ళీ మోగింది.  అరచేతులు నేలకు ఆనించి అలాగే ఉన్నాను. చీర మీద కోటు వేసుకుని ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. కాసేపటికి దొర చెయ్యి నొప్పెట్టి, ఈటె మెల్లగా కిందికి దిగిపోయింది. చివరికి బడివాళ్ళే తెర వేసేశారు.

తర్వాత టీచర్ పెద్దమ్మనూ నన్నూ పిలిచి, కార్యక్రమం మొత్తం పాడుచేశానంది. పెద్దమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో తాపీగా చెప్పింది. “పిక్చర్‌లో టైగర్ స్టాండింగ్. మై గర్ల్ ఆల్సో స్టాండింగ్. వాట్ ఈజ్ రాంగ్?”  మరుసటి ఏడాది నాకే వేషమూ ఇవ్వలేదు. పెద్దమ్మ క్షమాపణ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలోనూ బయటా, నా ముగింపు తామే తేల్చేసి నేనెప్పుడు పడతానా అని చూసినవాళ్ళు చాలామందే తగిలారు. అలాంటప్పుడు నేను అరవను. ఉన్నచోటే ఉంటాను. ఎత్తిన చెయ్యి ఎంతసేపని ఎత్తి ఉంచుతారో, వాళ్ళనే తేల్చుకోనిస్తాను.