సగం కమాను

గుడ్రున్ హెగ్‌స్టాడ్ నోట "అనుకుంటున్నాను" అనే మాట విన్నవాళ్ళు ట్రాండ్‌హైమ్‌లో ఎవరూ లేరు. ఆమె కట్టడాల ఇంజనీరు. ఫలానా దూలం ఎంత కుంగుతుందని అడిగితే కళ్ళు కాస్త చికిలించి, బస్సు ఎన్నింటికొస్తుందో చెప్పినంత తేలిగ్గా అంకె చెప్పేసేది. తర్వాత కంప్యూటర్ చెప్పే అంకె కూడా దాదాపు అక్కడికే వచ్చి కూర్చునేది. దీన్ని కొందరు పొగరన్నారు. పొగరే. ఏళ్ళ తరబడి సరైన అంకె చెబుతున్న మనిషికి ఆమాత్రం పొగరు లేకపోతే ఆ అంకెలకే అవమానం.

ఆమె పనిచేసే డిజైన్ ఆఫీసు నిదెల్వా నది ఒడ్డున పాత చెక్క గిడ్డంగి పై అంతస్తులో ఉండేది. నేల ఒక పక్కకి వాలి ఉండటంతో, పెన్సిల్ కింద పడితే కిటికీ దాకా దొర్లుకుంటూ పోయేది. వంతెనలకీ భవనాలకీ బలం లెక్కగట్టే ఆఫీసే ఇలా ఒరిగిపోయిందేమిటని వచ్చినవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఒరిగింది గానీ పడలేదుగా, అది చూడండి అనేది గుడ్రున్.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఏ కట్టడాన్నైనా కంప్యూటర్‌కి ఎక్కించి లెక్క నడిపే ముందు, కాఫీ బల్ల దగ్గర అందరూ తమ అంచనా పైకి చెప్పాలి. జవాబుకి అందరికంటే దూరంగా చెప్పినవాళ్ళు శుక్రవారం ఆఫీసుకంతటికీ వాఫిల్స్ అనే గళ్ళ అట్లు వేసి తేవాలి. ఈ ఆచారం పెట్టింది గుడ్రునే. యంత్రం ఏ అంకె ఇచ్చినా తల ఊపడం అలవాటైతే ఇక మనకి తల దేనికని ఆమె వాదన. పెట్టిన మనిషి మాత్రం ఒక్కసారీ వాఫిల్స్ తేలేదు. అసలు ఆమె ఇంట్లో వాఫిల్ పెనం ఉందా లేదా అన్నదాని మీద కూడా కొందరు పందేలు కాసుకున్నారు.

ఆమె పుట్టింది సముద్రపు గాలి నేరుగా మొహాన కొట్టే ఒక దీవిలో. తండ్రి పడవలు చేసేవాడు. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు తరగతి మొత్తానికి ఆడపిల్లలు ఇద్దరే. మొదటి రోజే ఒకడు వెటకారంగా కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే, దారి చూపించి, వచ్చేటప్పుడు తనకీ ఒకటి తెమ్మంది. వాడు తెచ్చాడు కూడా.

కంప్యూటర్ అంటే గది నిండా ఉండే రోజుల్లో, లెక్కని చిల్లులుగా పొడిచిన కార్డుల కట్టలు బూట్ల పెట్టెలో సర్దుకుని, మంచులో జారకుండా విశ్వవిద్యాలయం కొండ ఎక్కేది. యంత్రం నడిచినంతసేపూ ఆఫీసుకి బిల్లు పడేది. అందుకని ఆమె ఒక నియమం పెట్టింది: రెండు పక్కలా ఒకేలా ఉన్న కట్టడమైతే సగమే ఎక్కించండి, రెండో సగం అద్దంలో బొమ్మే. నియమం మంచిదే. సగం పనితో మొత్తం జవాబు చేతికొచ్చేది. తర్వాత యంత్రమే ఆఫీసుకి వచ్చింది, చిల్లుల కార్డులు పోయాయి. నియమం మాత్రం పోలేదు, కాగితం మీదికెక్కి గోడకి అతుక్కుంది. కొత్తగా చేరినవాళ్ళకి కాఫీ కప్పుతోపాటు దాన్నీ చేతిలో పెట్టేవాళ్ళు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో, ఉత్తరాన క్రోక్‌విక్ అనే చేపల ఊరి నుంచి పని వచ్చింది. ఆ ఊరి బడిపిల్లల ఆటల హాలు కప్పు పుచ్చిపోతే కూల్చేశారు. పిల్లలు ఆ చలికాలమంతా చేపల గోదాములో, ఆ కంపులోనే హ్యాండ్‌బాల్ ఆడారు. కొత్త హాలుకి చెక్క కమానులు కావాలన్నారు. పలచటి పలకల్ని ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి వంచిన పెద్ద పెద్ద కమానులు, ఈ పక్క నేల మీంచి లేచి ఆ పక్క నేలకి దిగేవి. ఆఫీసు అంతకుముందు చేసిన కప్పులన్నీ తిన్నటి దూలాలవే. కమాను ఇదే మొదలు.

లెక్క సిండ్రె చేతికిచ్చారు. ముప్పై దాటిన ఇంజనీరు, కంప్యూటర్ పనిలో ఆఫీసులో అతన్ని మించినవాడు లేడు. ఒకరు చేసిన లెక్కని ఇంకొకరు చూసి సంతకం పెట్టాకే అది బయటికి పోవాలన్నది కట్టుబాటు. ఆ సంతకం ఎప్పుడూ గుడ్రున్‌దే.

క్రోక్‌విక్‌లో సముద్రం మీంచి వచ్చే గాలి కప్పు మీద ఒక పక్క మంచునంతా ఊడ్చి రెండో పక్క కుప్ప పోస్తుంది. అలా పోసినప్పుడు కమాను ఆ పక్క ఎంత కుంగుతుందన్నది ఆ రోజు కాఫీ బల్ల దగ్గరి ప్రశ్న. అందరూ రెండు సెంటీమీటర్లనీ మూడనీ అన్నారు. గుడ్రున్ తొమ్మిది అంది. కంప్యూటర్ రెండున్నర ఇచ్చింది.

ఆఫీసు యజమాని హాల్వార్ చెంచాతో కప్పు మీద గంట కొట్టినట్టు కొట్టాడు.

"పెనం ఉందా గుడ్రున్, లేక మా ఇంట్లోది అరువివ్వనా?"

"ఉంది. నీ దగ్గర మంచి జామ్ ఉంటే అది తే" అంది గుడ్రున్.

నవ్వులయ్యాక హాల్వార్ ఆమెని పక్కకి పిలిచాడు. ఫ్యాక్టరీలో సోమవారం కమానులు అతికించడం మొదలుపెడతారని, తొలి మంచు పడేలోగా కప్పు లేవకపోతే పిల్లలు ఇంకో చలికాలం గోదాములోనే గడపాలని గుర్తు చేశాడు. సంతకం పెట్టమన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాతికేళ్ళ స్నేహం కదా, చనువు కొద్దీ ఇంకో మాట అనేశాడు.

"నీ కంటి లెక్క గొప్పదే, కాదనను. కానీ యంత్రాలు బాగా ముదిరాయి గుడ్రున్. తనిఖీలు సిండ్రెకి అప్పగించి నువ్వు కాస్త తేలికపాటి పని చూసుకోరాదూ?"

ఆ మాట ఆమెకి సూదిలా గుచ్చుకుంది. కోపం వచ్చింది, దాని వెనకాలే భయం కూడా వచ్చింది. ఈ తొమ్మిది తప్పైతే, ఇన్నేళ్ళ అంకెలన్నీ గుడ్డి అదృష్టమేనా? భయం మొహం మీద కనబడనివ్వలేదు. శుక్రవారం వాఫిల్స్ తెస్తాననీ, సంతకం సంగతి ఆ తర్వాతేననీ చెప్పి తన బల్ల దగ్గరికి పోయింది.

కాగితం మీద చేత్తో మళ్ళీ లెక్క వేసింది. మళ్ళీ తొమ్మిదే. సిండ్రె ఎక్కించిన అంకెలు తీసి చూసింది. చెక్క బలం సరిగ్గానే ఉంది, కమాను మందం, మంచు బరువు కూడా సరిగ్గానే ఉన్నాయి. అతను అజాగ్రత్త మనిషి కాడని ఆమెకి తెలుసు. గురువారం సాయంత్రం ఇంట్లో పిండి కలుపుతుండగా ఆమెకి ఒక సంగతి తట్టింది. రెండు లెక్కల్లోనూ తప్పు లేకపోతే, ఆ రెండూ ఒకే కమాను గురించినవి కావు. అంతే, గరిటె పక్కన పెట్టి కాసేపు నిలబడిపోయింది. తర్వాత మళ్ళీ కలిపింది. వాఫిల్స్ తెస్తానని మాట ఇచ్చింది మరి.

శుక్రవారం పెద్ద డబ్బా నిండా తెచ్చింది. హృదయం ఆకారపు రేకులు చక్కగా విచ్చుకున్నాయి, అంచులు కరకరలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఇంత చెయ్యి దాచుకుందా అని అందరూ ఆశ్చర్యపోయారు. హాల్వార్ తన ముక్క మీద గోధుమరంగు తీపి చీజు పరుస్తుండగా, కమాను కుంగిన బొమ్మ ఒకటి గీయించి ఇమ్మని గుడ్రున్ సిండ్రెని అడిగింది. అతను గీతలు గీసే ప్లాటర్ యంత్రం మీద గీయించి తెచ్చి బల్ల మీద పరిచాడు.

"రెండో సగం ఏది?" అంది గుడ్రున్.

"ఎక్కించలేదు. అద్దంలో బొమ్మే కదా. నీ నియమమేగా అది" అన్నాడు సిండ్రె.

గుడ్రున్ బల్ల మీది ఉక్కు స్కేలు తీసుకుని, రెండు లావుపాటి కేటలాగుల మధ్య పెట్టి కమానులా వంచింది. ఒక పక్క బొటనవేలితో నొక్కింది. నొక్కిన పక్క కుంగింది, రెండో పక్క పైకి లేచింది.

"నీ సగానికి అద్దం పెట్టు. అటు పక్క లేస్తుందా, కుంగుతుందా?"

సిండ్రె బొమ్మ వంక చూశాడు, స్కేలు వంక చూశాడు. తింటున్న ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"కుంగుతుంది" అన్నాడు మెల్లగా. "అంటే నేను మంచు రెండు పక్కలా పోశాను."

"రెండు పక్కలా పోస్తే కమానుకి హాయి. ఒక పక్కని రెండో పక్క ఆపుతుంది. ఒక్క పక్కే పోస్తేనే దాని ప్రాణం మీదికొచ్చేది."

గుడ్రున్ స్కేలు వదిలేసింది.

"నువ్వు నేను చెప్పినట్టే చేశావు. కట్టడం ఒకేలా ఉంటే చాలదు, దాని మీది బరువూ ఒకేలా ఉండాలి. నియమంలో ఆ సగం నేను ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసు, అందరికీ తెలిసే ఉంటుందని ఊరుకున్నాను."

ఇందులో పొగరు కొంచెం కూడా లేదు. చేతులు కడుక్కుని కమాను మొత్తం ఎక్కించమంది. లెక్క నడుస్తున్నంతసేపూ ఎవరూ రెండో వాఫిల్ ముట్టుకోలేదు. జవాబు తొమ్మిదిన్నర వచ్చింది. కుంగడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, కానీ అంత వంపుకి చెక్క చీలిపోతుందని కూడా ఆ లెక్కే చెప్పింది. దాని కింద ఆడబోయేది పిల్లలు.

హాల్వార్ చీజు పక్కన పెట్టి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. సోమవారం అతికించడం మొదలుపెట్టొద్దన్నాడు, కమానుల మందం పెంచాల్సి ఉంటుందని చెప్పాడు, అటువైపు నుంచి వచ్చిన తిట్లన్నీ మర్యాదగా విన్నాడు. పాత పనుల్లో సగమే ఎక్కించినవన్నీ బయటికి తీసి మళ్ళీ చూశారు. అన్నీ తిన్నటి దూలాలు, ఇటూ అటూ సమానమైన బరువులు, దేనికీ ఢోకా లేదు. గోడ మీది నియమం కింద ఇంకో వాక్యం గుడ్రునే రాసింది. పై వారం వాఫిల్స్ సిండ్రె తెచ్చాడు. మాడ్చేశాడు, అయినా అందరూ తిన్నారు. తేలికపాటి పని ఊసు హాల్వార్ మళ్ళీ ఎత్తలేదు.

కప్పు తొలి మంచుకి కాస్త ముందే లేచింది. నడి చలికాలంలో పెద్ద మంచుతుఫాను వచ్చి వెళ్ళాక హాలు కాపలాదారు ఫోన్ చేశాడు. మంచు మొత్తం ఒక పక్కనే పడిందట, రెండో పక్క నున్నగా ఉందట. గుడ్రున్ సిండ్రెని వెంటేసుకుని ఓడెక్కింది. పై నుంచి ఒక పెట్టెడు మంచు తవ్వించి కాటా వేశారు. ఆ బరువు ఆఫీసుకి ఫోన్‌లో చెబితే హాల్వార్ యంత్రానికి ఎక్కించాడు. ఈలోగా ఇద్దరూ అంచనాలు చెప్పుకున్నారు. సిండ్రె అయిదన్నాడు. గుడ్రున్ ఏడంది. యంత్రం నాలుగున్నర ఇచ్చింది.

ఆట ఆపించి, కొలిచే దుర్భిణీ హాలు మధ్యలో నిలబెట్టి చూశాడు సిండ్రె. ఇంకోసారి చూశాడు. గుడ్రున్ అతన్ని జరగమని తనే కన్ను ఆనించింది. నాలుగున్నర మీద వెంట్రుకవాసి కూడా తేడా లేదు. లావైన కొత్త కమాను ఎంత గట్టిదో ఆమె కంటికి ఇంకా అలవాటు కాలేదు.

"నేనే దూరం" అంది.

"ఇక్కడ ఎవరూ చూడలేదులే. ఆఫీసులో చెప్పను" అన్నాడు సిండ్రె.

"చెప్పు. ముందుసారి ఉత్తుత్తినే తెచ్చాను. ఈసారి నిజంగా ఓడిపోయాను."

ఆమె నవ్వింది. తాను దిద్దించిన లెక్కే తన మీద గెలవడం ఇంత సంతోషంగా ఉంటుందని ఆమె ఎన్నడూ ఊహించలేదు. అక్కడి ఏ ఆటల హాల్లోనైనా ఉన్నట్టే ఇక్కడా వాఫిల్ పెనం ఒకటి ఉంది. కాపలాదారుని అడిగి పిండీ పాలూ గుడ్లూ తెప్పించింది. పెనం ఎక్కడ పెట్టమంటారని అతను అడిగితే తల ఎత్తి ఒకసారి కప్పు చూసింది. తర్వాత మంచు ఉన్న పక్క, సరిగ్గా దాని కింద బల్ల వేయించుకుని, పిల్లల్ని పిలిచి పిండి పోయడం మొదలుపెట్టింది.